42 ఎకరాలు, కెమెరాలో మూడు బక్‌లు (మగజింకలు): ఈ సీజన్‌కి దేని మీద మాటు వేయాలి?

లికింగ్_విలుకాడు
ఒహాయో, లికింగ్ కౌంటీ. 42 ఎకరాల ప్రైవేటు భూమి, యజమాని రాసిచ్చిన అనుమతి ఉంది. తూర్పు వైపు సోయా చేను, మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పారే వాగు, పడమర ఓక్ చెట్ల గట్టు. జూన్ నుంచి నాలుగు ట్రైల్ కెమెరాలు (జింకల దారిలో కట్టి, కదలిక ఉంటే దానంతట అదే ఫోటో తీసేవి) పెట్టాను. కాంపౌండ్ విల్లు, లాగే బరువు 60 పౌండ్లు, నమ్మకంగా కొట్టగలిగే దూరం 30 గజాలు.

ఒహాయోలో ఏడాదికి కొమ్ముల జింక ఒక్కటే. అది అయిపోతే బక్ వేట అయిపోయినట్టే. అందుకే ముందే తేల్చుకోవాలని.

1. "పది": పది పాయింట్లు (కొమ్ముల మొనలు), కొమ్ములు చెవుల కొసలు దాటి రెండు పక్కలా రెండేసి అంగుళాలు బయటికి ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో రోజూ సాయంత్రం చేలోనే. సెప్టెంబరు 8 తర్వాత ఒక్క ఫోటో లేదు.

2. "మొండి": కుడి కొమ్ము బాగుంది, ఎడమది కిందికి వంగి మొద్దులా ఉంది. పొట్ట జారింది. చేను మూలన ఉన్న కెమెరాలో రాత్రి 11 నుంచి 3 మధ్యే కనిపిస్తుంది.

3. "ఎనిమిది": ఎనిమిది పాయింట్లు, జీ2లు (కొమ్ము మొదలు నుంచి రెండో మొనలు) బాగా పొడుగు. సెప్టెంబరు 15 నుంచి పగటి ఫోటోలు ఆరు. అన్నీ వాగు దాటే రేవు దగ్గరే.

ఎవర్ని అడిగినా "పదే, ఇంకేం ఆలోచన" అంటున్నారు. అది అసలు ఇక్కడ ఉందో లేదో తెలియకుండా దాని కోసం ఎలా కూర్చోను?

కొలంబస్_కృష్ణ
మూడింటికీ పక్క నుంచి తీసిన ఫోటో ఉందా? తల ఎత్తి, నాలుగు కాళ్ల మీద తిన్నగా నిలబడినది కావాలి. తల దించి మేస్తున్న ఫోటోలో ప్రతి బక్కూ ముసలిదిలాగే కనిపిస్తుంది, మెడ ఛాతీలో కలిసిపోతుంది. కెమెరాకి ఎదురుగా నిలబడితే లేని పొట్ట కూడా వస్తుంది.

మంచె_బాబాయి
కృష్ణ చెప్పింది మొదటి మెట్టు. రెండోది: ఫోటోలో కొమ్ముల మీద బొటనవేలు పెట్టి మూసెయ్. ఒళ్లు మాత్రమే చూడు. కొమ్ములు చూస్తూ వయసు కడితే మంచి మేత ఉన్న మూడేళ్లదాన్ని ఐదేళ్లదనుకుంటావు.

ఏడాదిన్నరది: కొమ్ములు అతికించిన ఆడజింక. కాళ్లు పొడుగు, మెడ సన్నం.

రెండున్నర: ఇంకా కాళ్లు పొడుగే. ఒళ్లు కొంచెం నిండుతుంది గానీ నడుము బిగుతు.

మూడున్నర: పందెపు గుర్రం. ఛాతీ దిగింది, నడుము మాత్రం లోపలికే ఉంది. మెడ, భుజం కలిసే చోట గీత స్పష్టంగా ఉంటుంది. జనాన్ని ఎక్కువగా మోసం చేసేది ఈ వయసే. కొమ్ములు చూడటానికి బాగా పెద్దవవుతాయి, ఒళ్లు ఇంకా ఎదగాలి.

నాలుగున్నర: ఛాతీ, పొట్ట ఒకే గీత మీదికి వస్తాయి. రట్ (జతకట్టే కాలం) వేళకి మెడ లావెక్కి ఛాతీలోకి దిగిపోతుంది. ఐదున్నర పైన పొట్ట జారుతుంది, వీపు కొద్దిగా కుంగుతుంది, కాళ్లు పొట్టివైపోయినట్టు కనిపిస్తాయి. వెనక కాళ్ల మడమ దగ్గరి గ్రంథుల మరక నల్లగా కిందికి కారి ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఈ గుర్తులు నవంబరు ఒంటివి. ఆగస్టులో మెడ ఉబ్బదు కాబట్టి నాలుగేళ్లది కూడా సన్నగా ఉంటుంది. వేసవి ఫోటోలో మెడ వదిలేసి పొట్ట, వీపు, కాళ్ల నిష్పత్తి చూడు.

లికింగ్_విలుకాడు
బొటనవేలు పెట్టి చూశాను బాబాయ్. ఎనిమిదికి నడుము బిగుతుగా ఉంది, మెడ దగ్గర గీత కనిపిస్తోంది. పదికి పొట్ట ఛాతీతో సమానం. మొండికి పొట్ట ఛాతీ కన్నా కిందికి ఉంది, కాళ్లు నిజంగానే పొట్టిగా ఉన్నాయి.

మంచె_బాబాయి
అయితే ఎనిమిది మూడున్నర, పది నాలుగున్నర, మొండి ఐదో ఆరో. ఫోటో చూసి ఇంతకన్నా కచ్చితంగా చెప్పే మనిషిని నమ్మకు. పడ్డాక దవడ పళ్ల అరుగుదలే చూడాలి, ఇంకా తేల్చాలంటే పంటి పొరలు లెక్కపెట్టే ల్యాబ్‌కి ముందు పన్ను పంపాలి.

జాడ_చూసేవాడు
పది సంగతి. సెప్టెంబరు మొదటి వారంలో వెల్వెట్ (పెరిగే కొమ్ముల మీది మెత్తటి తోలు) రాలుతుంది. అప్పటిదాకా గుంపుగా తిరిగిన మగవాటికి ఒంట్లో టెస్టోస్టెరాన్ పెరిగి ఒకదానికొకటి పడదు. గుంపు చెదిరి ఎవరి శరత్కాలపు చోటుకి వాళ్లు పోతారు. కొన్నిటికి అది అదే పొలం, కొన్నిటికి మైలు అవతల. పైగా అదే సమయానికి సోయా ఆకు పసుపెక్కి మేత రుచి పోతుంది, ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. మీ తేదీ 8 అంటే లెక్క సరిగ్గా సరిపోయింది.

అందుకని వేసవి ఫోటోలు "ఈ చుట్టుపక్కల ఏమున్నాయి" అని మాత్రమే చెప్తాయి. "దేన్ని వేటాడగలను" అన్నది సెప్టెంబరు 20 తర్వాతి ఫోటోలే చెప్పాలి.

పోయిన ఏడాది అక్టోబరు, నవంబరుల్లో దీని ఫోటో ఉందా? ఉంటే మళ్లీ అదే వారాల్లో రావచ్చు. పెద్ద మగవి ఏటా ఒకే సమయానికి ఒకే చోటికి రావడం మామూలే.

పెద్దవాగు_రవి
ఇంకో కారణం కూడా మర్చిపోవద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈహెచ్‌డీ అనే జింకల వైరస్ జ్వరం. చిన్న దోమలాంటి పురుగు కుట్టి వస్తుంది, గడ్డకట్టే మంచు పడి పురుగు చచ్చేదాకా ఉంటుంది. జ్వరంతో నీళ్ల దగ్గరికి చేరి అక్కడే పడిపోతాయి. వాగు వెంట ఒకసారి నడిచి వాసన, గద్దలు చూడండి. కళేబరం కనిపిస్తే వన్యప్రాణి శాఖకి చెప్పండి.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
నా మాట వేరు. మూడున్నరేళ్లదాన్ని ఎందుకు కొట్టాలి? ఇంకో రెండేళ్లు ఆగితే దాని కొమ్ములకి అసలు రూపం వస్తుంది. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి, లేదా ఒక కొమ్ము చీలకుండా ఉండాలి. ఆ నియమం పెట్టిందే కుర్ర బక్‌లు బతకాలని. ఎనిమిదిని వదిలెయ్యండి.

మొండిని మాత్రం తీసేయండి. ఆ వంకర కొమ్ము పిల్లలకి పోకూడదు.

మంచె_బాబాయి
సుబ్బు గారూ, మొదటి సగం ఒప్పుకుంటాను. రెండోది ఒప్పుకోను.

కంచె లేని అడవిలో "చెడ్డ కొమ్ముల్ని ఏరేసి" జాతిని బాగుచేయడం కుదరదు. పిల్లకి సగం గుణాలు తల్లి నుంచి వస్తాయి, తల్లికి కొమ్ములు లేవు కాబట్టి ఏ డో (ఆడజింక) ఏ గుణం మోస్తోందో చూసి చెప్పలేం. మగపిల్లల్లో చాలా భాగం ఏడాది, ఏడాదిన్నర వయసులో పుట్టిన చోటు వదిలి మైళ్ల దూరం పోతాయి. నీ 42 ఎకరాల్లో ఏరిందంతా పక్క ఊరి నుంచి వచ్చినవాటితో నిండిపోతుంది. కడ్డీ కొమ్ముల కుర్రది కూడా ఆలస్యంగా పుట్టినదో, మేత చాలనిదో అయి ఉండొచ్చు.

ఇంకోటి. ఒక కొమ్మే వంకర అయితే అది ఎక్కువసార్లు దెబ్బ వల్ల. వెనక కాలికి గట్టి గాయమైతే దానికి ఎదుటి పక్క కొమ్ము పాడవుతుంది. విలుకాడూ, మొండి కుడి వెనక కాలు చూశావా?

లికింగ్_విలుకాడు
ఇప్పుడే వీడియో మోడ్‌లోవి తిరగేశాను. కుడి వెనక కాలు సరిగ్గా మోపడం లేదు! ఎడమ కొమ్మే వంకర. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
సరే బాబాయ్, ఈ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కాలు దెబ్బ సంగతి తెలియదు. ఎనిమిదిని వదలమన్న మాట మాత్రం అలాగే ఉంచుతా.

డేటన్_ధనుస్సు
సుబ్బు గారూ, దక్షిణ టెక్సాస్‌లో వేల ఎకరాల ర్యాంచ్‌లో వదిలితే వచ్చే ఏడు మీకే దొరుకుతుంది. పెద్ద మగజింక తిరిగే చోటు సుమారు 640 ఎకరాలు, అంటే చదరపు మైలు. విలుకాడిది అందులో పదిహేనో వంతు. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం తుపాకుల వారం మొదలైతే చుట్టూ ఉన్న కంచెల మీద ఎవరు కూర్చుంటారో ఆయన చేతిలో లేదు.

వదలొద్దని కాదు. 42 ఎకరాల్లో "వచ్చే ఏడాదికి పెంచుతున్నా" అనుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. చిన్న భూమిలో అడగాల్సింది ఒకటే: వెలుతురు ఉన్నప్పుడు, నా సరిహద్దు లోపల, నేను కూర్చోగలిగిన గాలిలో నడిచే బక్ ఏది?

శాన్‌ఆంటోనియో_సుబ్బు
ఎకరాల లెక్క నిజమే. అయినా వదిలితే బతికే అవకాశం కొంతైనా ఉంది, కొడితే అస్సలు లేదు కదా.

వాగు_ఒడ్డు
మొండిని రాత్రి జింక అని రాసేయడం తొందరపాటు. అది "చేను మూలన" రాత్రి జింక. కెమెరా పెట్టిన చోటు అలా చెప్తోంది అంతే.

సెప్టెంబరు చివర మీ దగ్గర పొద్దు 7:20 ప్రాంతంలో కుంకుతుంది. చీకటి పడ్డ అరగంటకే చేలోకి వస్తే పడక దగ్గర్లోనే ఉందని అర్థం. 11కి వస్తోందంటే మూడున్నర గంటలు ఎక్కడో గడిపింది. పడక దూరం కావొచ్చు, లేదా దారిలో ఓక్ కాయలు తింటూ ఆగి ఉండొచ్చు. తేల్చాలంటే కెమెరాని వెనక్కి జరుపుకుంటూ పోవాలి.

ఫోటోల్లో అది ఏ దిక్కు నుంచి వస్తోందో చూడండి. ఆ దారి వెంట 100, 120 గజాలు గట్టు వైపు జరిపి రెండో కెమెరా. వారం, పది రోజులు ఆగండి. సమయం 11 నుంచి 9కి తగ్గితే దారి సరైనదే, ఇంకో 80 గజాలు జరపండి. తగ్గకపోతే ఆ బక్ పక్క భూమిలో పడుకుంటోంది.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యం. ఆరేడు అడుగుల ఎత్తున, కిందికి వంచి. నడుము ఎత్తున పెడితే జింక కళ్లకి సూటిగా తగులుతుంది, దొంగకి కూడా. లెన్స్ ఉత్తరానికి చూడాలి. తూర్పు పడమరలకి పెడితే ఎండ నేరుగా పడి ఫోటో తెల్లబోతుంది. దారికి అడ్డంగా కాకుండా 45 డిగ్రీల వాలుగా పెడితే జింక ఫ్రేములో ఎక్కువసేపు ఉంటుంది. ముందున్న గడ్డి, చిన్న కొమ్మలు కోసేయండి, లేకపోతే గాలికి ఊగిన ఎండుటాకులకే కార్డు నిండిపోతుంది. మూడు ఫోటోల బర్స్ట్, 30 సెకన్ల విరామం. లిథియం ఏఏ సెల్‌లు వేయండి, ఆల్కలైన్‌వి చలికి పడిపోతాయి. ఎర్రగా మెరిసే 850 నానోమీటర్ల లైటు కన్నా 940ది మేలు, కాకపోతే ఫోటో కొంచెం మసక.

కార్డు తీయడానికి మధ్యాహ్నం, వాన ముందు వెళ్లండి. రబ్బరు బూట్లు. చేతులతో కొమ్మలు పట్టుకోవద్దు.

కొలంబస్_కృష్ణ
దీనికి తోడు ఒక పట్టిక. తేదీ, సమయం, గాలి దిక్కు, ఉష్ణోగ్రత, ఎటు నుంచి ఎటు. ఫోటోల సంఖ్య ఎందుకూ పనికిరాదు. ఆరు పగటి ఫోటోల్లో ఐదు వాయవ్యపు గాలిలో వచ్చాయని తెలిస్తే అప్పుడు మాటు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

నల్లమల_జాడ
నేను అచ్చంపేట దిక్కున ఉంట. ఇక్కడ వేట లేదు, 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పిని కొట్టుడు నేరం. ఇండియా నుంచి చదివేటోళ్లు ఇది మతిల పెట్టుకోవాలె. నేను జాడలు చూసి నేర్చుకునుడే.

మీ ముచ్చట్ల ఒకటి కొత్తగ అనిపించింది. మా చుక్కల దుప్పులకు కొమ్ములు అన్నిటికీ ఒక్కపారి రాలవు. ఒకే మందల ఒకటి వెల్వెట్‌ల ఉంటది, ఇంకోటి గట్టి కొమ్ములతోని తిరుగుతది. మీ దగ్గర అన్నీ ఒకే నెలల రాలుస్తయా?

జాడ_చూసేవాడు
అవునండీ, పగటి వెలుగు నిడివి మారడాన్ని బట్టి నడుస్తుంది. ఏప్రిల్ ప్రాంతంలో మొలక, ఆగస్టుకి పూర్తి, సెప్టెంబరులో వెల్వెట్ రాలడం, శీతాకాలం చివర కొమ్ములే రాలిపోవడం. రట్ కూడా అంతే. ఒహాయోలో నవంబరు నడిమి వారాలు ముఖ్యం. వెచ్చగా ఉంటే పగటి కదలిక తగ్గుతుంది గానీ కలయిక తేదీలు మారవు. దక్షిణ టెక్సాస్‌లో అది డిసెంబరుకి పోతుంది, సుబ్బు గారికి తెలుసు.

గాలివాటు
కెమెరాలైపోయాయి, గాలి గురించి ఎవరూ మాట్లాడలేదు.

మీ గట్టు ఉత్తర దక్షిణంగా ఉంది. పడమటి గాలిలో పెద్ద బక్ తూర్పు వాలులో, పైనుంచి మూడో వంతు దగ్గర పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేదాన్ని గాలిలో వాసనతో పసిగడుతుంది, ముందు కింది వాగంతా కళ్లకి కనిపిస్తుంది. అక్కడ ఒంటరిగా, మూడున్నర అడుగులకి తగ్గని పడక కనిపిస్తే, పక్కన పెద్ద పెంటికలు, రాపిడి పడ్డ చెట్టు ఉంటే అది మగదాని చోటు. రెండు మూడు చిన్న పడకలు కలిసి ఉంటే డో, పిల్లలు. ఈ పడకలు వెతకాల్సింది ఫిబ్రవరి, మార్చిలో. ఇప్పుడు అక్కడికి నడిస్తే పని చెడినట్టే.

రేవు దగ్గర సాయంత్రపు మాటు: జింక పడమర నుంచి తూర్పుకి వస్తుంది. వాయవ్యపు గాలిలో మీరు రేవుకి ఆగ్నేయంగా 20 గజాల్లో ఉండాలి. మీ వాసన ఆగ్నేయానికి పోతుంది, అది వచ్చే దారికి తగలదు. పొద్దు వాలాక చల్లబడ్డ గాలి వాలు దిగి వాగులో చేరి నీళ్లతోపాటే దక్షిణానికి పారుతుంది. అదీ మీకు అనుకూలమే. పొద్దున పూట మాత్రం ఎండ తగిలిన గాలి పైకి ఎక్కి మీ వాసన సూటిగా పడకలోకి మోస్తుంది. ఆ చోట ఉదయం కూర్చోవద్దు. తూర్పు, దక్షిణపు గాలి ఉన్న రోజు అసలే వద్దు.

వెళ్లడం, రావడం రెండూ దక్షిణం నుంచి వాగు నీళ్లలోనే. చేను మీదుగా తిరిగొస్తే చీకట్లో మేస్తున్నవన్నీ చెదిరిపోతాయి, మూడు సాయంత్రాల్లో ఆ మాటు చచ్చిపోతుంది.

గాలి చూడటానికి పొడి సీసా కన్నా మిల్క్‌వీడ్ దూది మేలు. మన జిల్లేడు జాతిదే, కాయ పగిలితే అదే పట్టులాంటి పింజ. పొడి రెండు గజాలకే మాయం. పింజని మంచె మీంచి వదిలితే నలభై గజాల దాకా ఎటు తిరిగి, ఎక్కడ కిందికి దిగుతోందో కళ్లతో చూడొచ్చు.

ఆక్రన్_అప్పారావు
ఇంత గొడవెందుకు, రేవు దగ్గర 50 పౌండ్ల మొక్కజొన్న పోస్తే మూడూ వస్తాయి కదా.

డేటన్_ధనుస్సు
ఒహాయోలో ప్రైవేటు భూమిలో చట్టం ఒప్పుకుంటుంది, సీడబ్ల్యూడీ (జింకల్ని చంపే మెదడు రోగం) నిఘా ప్రాంతంలో ఒప్పుకోదు. 2020లో వయాండాట్ కౌంటీలో అడవి జింకలో ఆ రోగం బయటపడ్డాక పెట్టిన నియమం. మ్యాపు ఏటా మారొచ్చు, సీజన్ ముందు చూసుకోవాలి. సభ్యులు ఏ కౌంటీవాళ్లైనా చదువుతారు కాబట్టి చెప్తున్నా.

చట్టం పక్కన పెట్టినా, కుప్ప పోస్తే ముందు వచ్చేవి డోలు, రకూన్‌లు. పెద్దది అవతలి గాలి వైపు నుంచి చుట్టి వాసన చూసి చీకటి పడ్డాకే దిగుతుంది. ఎనిమిది ఇప్పుడు తనంతట తానే పగలు దాటుతోంది, ఆ అలవాటు ఎందుకు చెడగొట్టడం?

ఆక్రన్_అప్పారావు
రకూన్‌ల మాట నిజమే, నా ఫీడర్ ఫోటోల్లో సగం అవే.

జాడ_చూసేవాడు
అక్టోబరు రెండో వారం నుంచి ఒక కెమెరా స్క్రేప్ (మగవి కాలితో నేల గీరి వాసన వదిలే చోటు) మీదికి మార్చండి. నేల గీరిన చోటు కాదు, దాని మీద నాలుగైదు అడుగుల ఎత్తున వంగి నమిలినట్టున్న కొమ్మ చూడండి. కంటి మూల, నుదుటి గ్రంథులు దానికే రాస్తాయి; చుట్టుపక్కల మగవన్నీ వచ్చి సంతకం పెట్టే పుస్తకం అది. పది తిరిగొచ్చిందో లేదో అక్కడే తెలుస్తుంది. రాకలు ఎక్కువగా రాత్రిపూటే, కాబట్టి స్క్రేప్ మీద కూర్చోవద్దు, లెక్కకి వాడుకోండి.

చెట్టు రాపిడి ఏ వైపు ఉందో చూడండి, ఎటు నుంచి వచ్చిందో ఆ వైపే గీకుతుంది. మణికట్టు కన్నా లావు చెట్టు అయితే పెద్దదాని పని కావొచ్చు. సన్నదైతే ఏమీ తేలదు, పెద్దవీ సన్నవాటిని గీకుతాయి.

లికింగ్_విలుకాడు
మూడు వారాల తర్వాతి సంగతి. వాగు_ఒడ్డు గారు చెప్పినట్టు కెమెరా వెనక్కి జరిపాను. మొదటి చోట మొండి 9:10, 8:40కి వచ్చింది. రెండోసారి జరిపితే గట్టు మొదట్లో తెల్ల ఓక్ చెట్ల కింద అక్టోబరు 14న 6:48కి, వాయవ్యపు గాలి. పొద్దు కుంకడానికి ఐదు నిమిషాల ముందు! కాయలు తింటూ 20 నిమిషాలు ఉంది. ఎనిమిది రేవు దగ్గర ఇంకా వస్తోంది, వారానికి రెండుసార్లు. పది ఎక్కడా లేదు.

కాబట్టి మొండి. ఎనిమిదిని ఈ ఏడు వదులుతున్నాను సుబ్బు గారూ.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
చాలా సంతోషం అండీ.

వాగు_ఒడ్డు
తెల్ల ఓక్ కాయలు ముందు అయిపోతాయి, వగరు తక్కువ కాబట్టి. ఎర్ర ఓక్‌కి మారకముందే, పది రోజుల్లోపు కూర్చోండి. చలిగాలి దిగిన మొదటి సాయంత్రం, వాయవ్యం. గాలి కుదరకపోతే ఇంట్లో ఉండండి. కొత్త మాటులో మొదటిసారి కూర్చున్నదే అన్నిటికన్నా మంచి అవకాశం.

గాలివాటు
చెట్టు మార్చాలి. ఓక్ చెట్లు రేవుకన్నా పైన, పడకకి దగ్గర. కాయలు రాలే చోటికి ఆగ్నేయంగా 18 నుంచి 22 గజాల్లో, వాగు వైపు దిగువన. పైకి ఎక్కితే పడకలోంచి కనిపిస్తావు. చెట్టు ఎక్కడం మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోవాలి, చప్పుడు లేకుండా.

మంచె_బాబాయి
నేల వదిలిన క్షణం నుంచి ఒంటికి హార్నెస్, చెట్టుకి లైఫ్‌లైన్. మంచె మీద కూర్చున్నాక కాదు. పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే.

18 అడుగులు చాలు. 25 ఎక్కితే దగ్గరి జింకకి కోణం నిటారుగా అయి ఒక్క ఊపిరితిత్తే తగులుతుంది. పక్కకి తిరిగి గానీ, కొంచెం అవతలికి తిరిగి గానీ ఉంటేనే వదులు. ఎదురుగా ఉంటే ఆగు. బాణం మీద గులాబీ నురగ ఉంటే అరగంట ఆగి దిగు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలు. ఆకుపచ్చ, వాసన ఉంటే పేగు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదలొద్దు. తొందరపడి వెంటపడితే లేచి పక్క భూమిలోకి పోతుంది, అక్కడికి వెళ్లడానికి మళ్లీ అనుమతి కావాలి. దొరికాక మర్నాడు మధ్యాహ్నం 12 లోపు గేమ్ చెక్, అంటే కొట్టిన జింకని వన్యప్రాణి శాఖ దగ్గర నమోదు చేయడం.

లికింగ్_విలుకాడు
అన్నీ రాసుకున్నాను బాబాయ్. పక్క భూమి ఆయన్ని ముందే కలిసి అడుగుతాను.

కొలంబస్_కృష్ణ
నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, కెమెరా దానంతట అది మారదు. ఆ రోజు తర్వాత 6:10 అని కనిపిస్తే నిజానికి 5:10. నాలుగింటినీ మార్చడం గానీ, పట్టికలో గంట తీసేయడం గానీ చేయండి.

లికింగ్_విలుకాడు
రెండు కెమెరాలు ఇప్పటికే నాలుగు నిమిషాలు ముందున్నాయి. రేపు మధ్యాహ్నం వాన పడేలా ఉంది, వాగులో నుంచి వెళ్లి అన్నీ సరిచేస్తాను. గురువారానికి వాయవ్యం చూపిస్తోంది.